ధాన్యం దాచని రాణి

రాయ్‌పూర్‌లో సిల్తారా వెళ్లే బస్సెక్కాను. పక్క సీట్లో ఆవిడ ఫోన్‌లో రాజ్యమేలే ఆట ఆడుతోంది. అది నేను తయారుచేసిన ఆట! నా అంతవాడు లేడనిపించింది.

కానీ ఆకలని వచ్చిన ప్రతివాడికీ ఆవిడ ధాన్యం ఇచ్చేస్తోంది. గాదెలు ఖాళీ అయ్యి రాజ్యం పోయింది. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఇచ్చేసింది.

ఉండబట్టలేక, “కొంచెం దాచుకోండమ్మా,” అని తెలుగులోనే అనేశాను.

ఆవిడా తెలుగులోనే అందుకుంది. “ఎలాగ బాబూ? మా పెద్దలది శ్రీకాకుళం గానీ నేను ఇక్కడే పుట్టాను. కోతలయ్యాక ఛేర్‌ఛేరా పండగనాడు గుమ్మంలోకి ఎవులొచ్చినా ధాన్యం పెట్టాల. అది మా రివాజు. రాజ్యం పోతే పోనీ!”

ఆట నాదని చెప్పలేదు. ఇంటికొచ్చి ఆటలో ఆ పండగ పెట్టాను. ఆ రోజు ధాన్యం దాచుకున్న రాజే ఓడిపోతాడు.