తాళం వేసిన ఇంట్లో తిరుపతి యాత్ర

ఇరవై రెండేళ్లుగా గుడివాడ–బందరు బస్సులో నిలబడి టిక్కెట్లు కొడుతున్న కండక్టరు గోవర్ధనరావుకు నాలుగు రోజుల సెలవు దొరికింది. పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే కాళ్లు చాపుకుని పడుకోవాలన్నదే ఆయన కోరిక. ఉన్నాడని తెలిస్తే చుట్టాలు ఊరుకుంటారా? అందుకే తిరుపతి వెళ్తున్నామని వీధంతా చాటి, ముందు తలుపుకు తాళం వేసి, భార్య అనసూయతో కలిసి పెరటి గుమ్మంలోంచి దొంగలా లోపలికి దూరాడు.

ఇంకే ఊరి పేరు చెప్పినా బాగుండేది. తిరుపతి అనగానే ఎదురింటి సత్యవతమ్మగారు పసుపుగుడ్డలో ముడుపు కట్టి తెచ్చి, హుండీలో వెయ్యమని చేతిలో పెట్టేశారు.

ఇంట్లో టీవీ పెట్టకూడదు. కుక్కరు కూత వెయ్యకూడదు. తుమ్మొచ్చినా దిండులో తల దూర్చాలి. కిటికీలు మూసిన ఉక్కలో రెండు రోజులు గడిచాయి. మూడో రోజు సాయంత్రం సత్యవతమ్మగారు వచ్చి వీళ్ల అరుగు మీదే చతికిలబడి ఫోనందుకున్నారు.

"ఎల్లుండే మనవడికి ఆపరేషను వదినా. నాకేం భయం లేదులే. మన కండక్టరు గారు ఈపాటికి ముడుపు స్వామికి అందించేసే ఉంటారు."

తలుపుకు ఇవతల ఇద్దరూ దేవుడి గూట్లోని పసుపు మూట వైపు చూశారు.

"లేవండి" అంది అనసూయ గుసగుసగా.

చీకటి పడగానే గోవర్ధనరావు పెరటి దారిన బయటపడి తిరుపతి బస్సెక్కాడు. వేసవి రద్దీ, ఒక్క సీటూ ఖాళీ లేదు. జేబులో ముడుపు తడుముకుని, పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.