ఖాళీ ప్యాకేజీలో అవ్వ కుర్చీ

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే ఉచిత వ్యవస్థ లినక్స్. అందులో సాఫ్ట్‌వేర్‌ను మూటగట్టి పంపితే దాన్ని ప్యాకేజీ అంటారు. తెలుగు కీబోర్డు ప్యాకేజీ బాధ్యత నాది. జీతం లేని కొలువే, కానీ నాకు మహా గర్వం. ఆ గర్వమే నన్ను ముంచింది. అన్ని భాషల కీబోర్డులనూ ఒకే పెద్ద ప్యాకేజీలో కలిపినప్పుడు, ఇక పనిలేదని నా పాత ప్యాకేజీని జాబితాలోంచి పీకేశాను. కొత్త కంప్యూటర్‌లో పరీక్షించి చూస్తే బ్రహ్మాండంగా పనిచేసింది.

వారం తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది. ఆమె రఘునాథపల్లి దగ్గర ఒక బడిలో కంప్యూటర్ టీచరు. తన బడిలోనే కాక నెల్లికుదురు, చెల్పూర్ వైపు బడుల్లో కూడా పట్టుబట్టి లినక్స్ పెట్టించింది.

"ఏందిరా గిది? ఒక్క మిషన్ అప్‌డేట్ చేసిన, తెలుగే మాయమైంది. అన్ని బడులల్ల సోమవారం చేస్తరు. గప్పుడు గూడ గిట్లనే అయితే మొత్తం తీసి పారేస్త అంటుండు మా పెద్దసారు."

"కొత్త ప్యాకేజీ పేరు చెప్త అక్కా, ఎక్కించుకో."

"నా మిషన్‌కు నేను ఎక్కించుకుంట. మూడు జిల్లాలు తిరగాల్నా? నన్ను నమ్మి పెట్టుకున్నరు రా ఆళ్లు."

సిగ్గుతో చచ్చిపోయాను. పాత ప్యాకేజీ ఉన్న కంప్యూటర్లలో అది కొత్త వ్యవస్థతో పొసగక తొలగిపోతోంది. దాని బదులు ఏది తెచ్చుకోవాలో చెప్పే దిక్కు లేదు. నా కొత్త కంప్యూటర్‌లో పాతదే లేదు, ఇక తప్పెలా బయటపడుతుంది?

అప్పుడు జనగామలో మా అవ్వ, నాయిన వాళ్లమ్మ, గుర్తొచ్చింది. నాయిన, చిన్నాయిన తమ కిరాణా దుకాణాలను ఒక్కటి చేసినప్పుడు, మూసేసిన దుకాణం ముందు అవ్వ ఆర్నెల్లు కుర్చీ వేసుకుని కూర్చుంది. షట్టర్ వెనక పప్పు గింజ కూడా లేదు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట: "ఈడ ఏం లేదు బిడ్డా. చిన్నోని దుకాణంల కలిపినం. ఆడికి పో, అన్ని దొరుకుతయి." ఖాళీ దుకాణానికి కాపలా అని మేం తెగ ఆటపట్టించేవాళ్లం. అయినా ఒక్క బేరం కూడా బయటివాళ్ల దుకాణానికి పోలేదు.

పాత పేరుతోనే మళ్లీ ఒక ప్యాకేజీ కట్టాను. కొత్తదాన్ని తెచ్చుకొమ్మనే ఒక్క పంక్తి తప్ప అందులో ఏమీ లేదు. ఇది కొత్త పద్ధతేం కాదు, మా పనిలో పెద్దలు ముందునుంచీ చెప్పేదే. దండగని నేనే ఎగ్గొట్టాను. ఈసారి పాత కంప్యూటర్ వెతికి తెచ్చి మరీ పరీక్షించాను. అప్‌డేట్ చేసేవాళ్లకు కనబడే వివరణలో అవ్వ మాటే రాశాను.

సోమవారం మధ్యాహ్నం దాకా ఫోన్ చేతిలోంచి దించలేదు. చివరికి మోగింది.

"వచ్చింది రా! మా దగ్గర వచ్చింది, నెల్లికుదురుల వచ్చింది, చెల్పూర్‌ల వచ్చింది. ఒక్కల్ల దగ్గరికి గూడ నేను పోలే!"

ఇంట్లో ఒక్కణ్ణే ఎగిరి గంతేశాను. అవతల అక్క అప్‌డేట్ జాబితా చదువుతున్నట్టుంది, గట్టిగా నవ్వింది.

"బడి మెట్లు ఎక్కని అవ్వను మూడు జిల్లాల బడులల్ల కూసోబెట్టినవ్ గదరా!"