దురదకు పదికి పది

సౌదీలోని తబూక్ ఆసుపత్రిలో దురదకు కొత్త యాంటీబాడీ సూదిని పరీక్షిస్తున్న బృందంలో నేను నర్సుని. ఎవరికి మందు వెళుతోందో, పోల్చి చూడటానికి ఎవరికి ఉత్త నీళ్లు వెళుతున్నాయో మాకూ తెలియదు. రోగులు రోజూ తమ దురదకు సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. జగిత్యాల మేస్త్రీ ఒకాయన మొదటి నుంచీ పదే వేసేవాడు. కూర్చున్న ఐదు నిమిషాల్లోనే చేతులు రక్తం వచ్చేలా గోక్కునేవాడు.

ఒకరోజు వెళ్లి చూస్తే బెంచీ మీద గురక పెడుతున్నాడు! చేతుల మీద కొత్త గీత ఒక్కటీ లేదు. సూది పనిచేసినట్టుందని ఆత్రంగా ఆయన అంకె వేసిన కాగితం అందుకున్నాను. తీరా చూస్తే మళ్లీ పది. ఒళ్లు మండి లేపాను.

"ఏంటన్నా ఇది? నిజంగా పదేనా?"

"తగ్గిందని రాస్తే సూది బంద్ జేస్తరని మా రూమోళ్లన్నరు సిస్టర్."

"అబద్ధం రాస్తే ఆ సూది పనిచేసిందో లేదో ఎవరికి తెలుస్తుంది? తగ్గినా ఆపం. ఉన్నదున్నట్టు రాయండి."

మా దగ్గర తప్పును చెరపకూడదు, కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. ఆయన పదిని కొట్టేసి ఒకటి వేశాడు. ఆ ఒకటి చూసి గంతేయబోయాను. ఆయన మాత్రం కలం వదల్లేదు.

"ఎందుకన్నా మంచిది, రెండు వెయ్యమంటవా సిస్టర్?"