ఒక్కరు వచ్చినా ‘రాండ్రి’ అన్న సారు

మా తెలుగు సారు ఇక లేరని సోమవారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. నకిరేకల్ దగ్గర మా ఊరి హైస్కూల్లో నాకు చదువు చెప్పిన మనిషి. మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండకపోవచ్చు. నేను మాత్రం ఇవాళ పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతున్నానంటే ఆయన వల్లే.

చొక్కా జేబులో సుద్దముక్క, నోట్లో సోంపు. వచనాల పాఠం మొదలుపెడితే సారుకు గంట వినపడేది కాదు. గొర్రెకు బహువచనం అడిగితే నేను ‘గొర్లు’ అన్నాను. మాది గొర్లు కాసే ఇల్లు మరి. క్లాసంతా నవ్వింది.

“నవ్వుడెందుకు? దొడ్ల గొర్లుంటయ్, పుస్తకంల గొర్రెలుంటయ్. రెండూ మనయే. పరీక్షల మాత్రం పుస్తకందే రాయి బిడ్డా, మార్కులు వాళ్ల చేతులున్నయ్” అన్నారు. పాలకూ నీళ్లకూ ఏకవచనమే లేదని చెప్పింది కూడా ఆ రోజే. “గుక్కెడు నీళ్లకు బహువచనం ఇస్తున్నం. మనిషికి ఇయ్యనీకి మన సొమ్మేం పోతది?”

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. పదో తరగతి పరీక్షల ముందు మా బాపు నన్ను బడి మాన్పించడానికి వచ్చాడు. మేత కోసం మందను కృష్ణా నది వైపు తోలుకుపోవాలి, గొర్రెపిల్లలను చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి నేనే. బెంచీ మీద కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను. సారు గుమ్మం దాకా ఎదురెళ్లి, “రాండ్రి, కూసోండ్రి” అన్నారు. ఊళ్లో పెద్దిళ్ల పిల్లలు కూడా బాపును ‘రారా, పోరా’ అనేవాళ్లే. తన వెంట ఇంకెవరు వచ్చారోనని బాపు వెనక్కి తిరిగి చూశాడు.

“మిమ్మల్నే. మీ బిడ్డ మంచిగ చదువుతాంది. ఏం పని మీద వచ్చిన్రు?”

బాపు గొంగడి సర్దుకున్నాడు. “ఏం లేదు సారూ, ఊకెనే. చూసిపోదామని.”

ఇంటికి రాగానే అమ్మ నిలదీసింది. “అడగనే లేదా?”

“గంత మర్యాద జేసినంక ఎట్ల అడుగుతనే? గొర్రెపిల్లలను నేనే సూసుకుంట తియ్.”

అన్నట్టే చూసుకున్నాడు. నేను పరీక్ష రాశాను.

సారును కాటికి సాగనంపే రోజు నేను పనిచేసే భువనగిరి నుంచి వచ్చేసరికే బాపు సారు వాకిట్లో నిలబడి ఉన్నాడు. అమ్మ దవాఖానలో ఉన్నప్పుడు కూడా మందను పస్తుంచని మనిషి. ఎవరికి అప్పజెప్పావని అడిగాను.

“దొడ్లనే ఉన్నయ్. ఒక్కపూట తినకుంటే సావయ్.”

సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి గొర్లన్నీ తడిక సందుల్లోంచి మూతులు బయటపెట్టి ఒకటే అరుపు. బాపు తడిక మీద చెయ్యి వేశాడు గాని తడిక తీయలేదు. “ఈ ఒక్కపూట సారు కోసం ఓర్సుకోండ్రి” అన్నాడు వాటితో.