పెళ్లి చొక్కా జేబులో చాకు

పొద్దున పెళ్లికని మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, ఆ గంజి వాసనకు నాయన గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఆలూరు చర్చిలో మా మేనత్త కూతురి పెళ్లి. నాయన తెల్లచొక్కా తొడుక్కొని జేబులో మడతచాకు వేసుకున్నాడు. పొలం గట్టు తగాదాతో ఆయనకూ పెదనాయనకూ మాటల్లేవు. ఇవాళ పొడిచేస్తాడని నేను దారంతా ఆ జేబు వైపే చూస్తూ నడిచాను.

విందులో నాయన నేరుగా పోయి పెదనాయన పక్కన కూర్చొని చాకు తీశాడు.

“వద్దు నాయనా!” అని అరిచాను.

పక్షవాతంతో పెదనాయన కుడిచేయి అప్పటికే పడిపోయి ఉంది. నాయన ఆయన విస్తట్లోని మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసిపెట్టాడు.

“నా మీద ఇంకా కోపముండాదా అప్పా?” అన్నాడు పెదనాయన.

“శానా ఉండాది అన్నా. ముందు తిను.”

తగాదా తీరనేలేదు. పెదనాయన పోయేదాకా ప్రతి పెళ్లికీ నాయన చాకు తీసుకుపోయాడు. కోపాన్నీ ప్రేమనూ ఒక్క మనిషి మీదే అన్నేళ్లు మోయడం ఎంత అలసటో, నాయన వయసుకొచ్చాక నాకు తెలుస్తోంది.