ఒంటిచెవి గాడిద

క్రిస్మస్‌కి మా చర్చిలో కట్టే పశువుల పాకలోకి ఏటా గాడిదని మా అన్నయ్యే కొబ్బరి పీచుతో చేసేవాడు. దాన్ని చూడటానికి కడియం నర్సరీల నుంచి మొక్కలు తీసుకెళ్లే లారీలు బారులు తీరేవని నేను ఊరంతా చెప్పేవాణ్ణి. ఈసారి ఒక చెవి పెట్టి, రెండోది పెట్టకుండానే చనిపోయాడు.

పాస్టరుగారు వచ్చి, "ఆ చెవేదో మీరు పెట్టేయండి బ్రదర్. పిల్లలు ఎదురుచూస్తారు" అన్నారు.

పీచు ముట్టుకుంటే ఏడుపొస్తుందని తువ్వాలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. చెవి మాత్రం వచ్చింది, గోదావరిలో పడవకి తెరచాపగా కట్టుకునేంత.

వదిన చూసి, "ఇది గాడిదా అండీ, ఏనుగా?" అంది.

"గాడిదే వదినా. కాస్త బాగా వినపడుతుందని."

ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నేను పెట్టిన చెవిని మెల్లగా ఊడదీసి, ఆ పీచుతోనే గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

"ఆయన ఎంతవరకు చేశారో అంతవరకే ఉండనివ్వండి" అంది.

పండగనాడు గాడిద ఒంటిచెవితోనే పాకలో నిలబడింది. పిల్లలెవరూ రెండో చెవి సంగతి అడగలేదు. చర్చికీ తువ్వాలు పట్టుకెళ్లాను. మడత విప్పకుండానే తిరిగి తెచ్చుకున్నాను.