లక్ష్మీరాజం సారు కొట్టిన మూడు బై రెండు

ఏటా జనవరి పదహారున, మళ్లీ పదిహేడున, ప్రమీల తెర మీద ఒకే వాక్యం వచ్చి నిలబడేది: 'బాపు చిట్టి డ్రాయర్ల ఉన్నది.'

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాట. ఆమె దాన్ని ఒకసారి చదువుకునేది. తర్వాత చీర కొంగు సర్దుకుని, మిగతా పని చూసుకునేది.

నిజామాబాదు నుంచి బోధన్ పోయే దారిలో లోపలికి తిరిగితే పసుపువాగు చక్కెర ఫ్యాక్టరీ వచ్చేది. అక్కడ రైతుల చెరుకు వ్యవహారం చూసే కేన్ ఆఫీసులో ప్రమీల టైపిస్టు. 1991లో ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. బొమ్మలు లేవు, మౌస్ లేదు, ఏం కావాలన్నా మాట కొట్టి అడగాల్సిందే. తేదీ వేసి పక్కన పని రాసి ఒక ఫైలులో దాచుకోవాలి. పొద్దున వచ్చి 'కాలెండర్' అని కొట్టి ఎంటర్ నొక్కితే, ఆ ఫైలులోంచి ఇవాళ్టి పనులు, రేపటి పనులు మాత్రం ఏరి చూపించేది. మిగతా వాటి గురించి కిక్కురుమనేది కాదు. ఇంకో గుణం కూడా ఉండేది దానికి. ఒకసారి రాసింది మనం చెరిపేదాకా పోదు. ఏడాది తిరిగి అదే రోజు వచ్చేసరికి, అప్పులవాడి కంటే ఠంచనుగా మళ్లీ గుమ్మంలో నిలబడేది.

మనిషికి పగ ఉంటే ఇంతకంటే మంచి నౌకరు దొరకడు.

ఆ పగ సంగతి చెప్పాలంటే 1983కు పోవాలి. ప్రమీల తండ్రి ముత్తన్నకు ఎడపల్లి దగ్గర మూడెకరాల చెరుకు ఉండేది. ముత్తన్న నవ్వంటే మామూలు నవ్వు కాదు. ఆయన తోటలో నవ్వితే బోధన్ బస్టాండులో కండక్టర్ విజిల్ వేసేవాడని చెప్పుకునేవారు. ఒకనాడు కేన్ ఆఫీసు నుంచి లక్ష్మీరాజం అనే ఇన్‌స్పెక్టరు కొత్త స్కూటర్ మీద తోట చూడటానికి వచ్చాడు. గట్టు మీద బండి తిప్పబోయి, తెల్ల చొక్కాతో సహా నీళ్ల కాలువలో కూర్చున్నాడు. ముత్తన్న లేవదీశాడు, ఒళ్లు తుడిచాడు, చాయ్ తాగించాడు. కాని నవ్వాడు. తప్పల్లా అదే.

చెరుకు కోయాలంటే ఫ్యాక్టరీ చిట్టి కావాలి. నాటిన తేదీల వరుసలో చిట్టీలు ఇస్తారు. చిట్టి మీద వేసిన రోజు నుంచి మూడు రోజుల్లో కోత మొదలు కావాలి. లేకపోతే ఆ చిట్టి చచ్చినట్టే, రైతు వరుస చివరికి పోయి నిలబడాలి. ముత్తన్న చిట్టి జనవరి పదిహేడున వచ్చింది. లక్ష్మీరాజం దాన్ని తన బల్ల అడుగు డ్రాయర్లో పెట్టుకున్నాడు. ముత్తన్న మూడు రోజులూ వచ్చి అడిగాడు. మూడు రోజులూ "ఇంక రాలే" అన్నాడు. నాలుగోనాడు డ్రాయర్ లాగి, "అగో, గీడనే ఉన్నది. కాని తేదీ దాటింది ముత్తన్నా. నువ్వు నవ్వుకుంట కూసుంటివి" అన్నాడు.

ఆ చెరుకు ఏప్రిల్ దాకా నిలబడింది. పూత పూసింది, లోపల రసం ఎండి బెండు పట్టింది. ఆ తోటలో ఎలుకలు ఎంత బలిశాయంటే, ఎడపల్లి పిల్లులు వాటికి దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాయి. ముత్తన్న ఎడ్లు అమ్ముడుపోయాయి. చెరుకు మానేసి మక్కజొన్న వేశాడు. నవ్వు కూడా ఆ తోటతోనే పోయింది. ఆ తర్వాత ఆయన పళ్లు చూసినవాళ్లు లేరు. ఆ తోట పోయినప్పుడు ప్రమీలకు పదిహేనేళ్లు. బాపును మళ్లీ నవ్వించాలి, అదీ ఆ లక్ష్మీరాజం మీదనే నవ్వించాలి అని ఆమె ఆ ఎండాకాలమే అనుకుంది. ఇంటర్ అయ్యాక నిజామాబాదులో టైపు నేర్చుకుని, వేరే ఉద్యోగాలు కాదని అదే ఆఫీసులో చేరింది.

లక్ష్మీరాజం అప్పటికి కేన్ సూపరింటెండెంట్ అయ్యాడు. ముత్తన్న బిడ్డను గుర్తుపట్టలేదు. పట్టడం ఆయన వల్ల కాదు కూడా. మతిమరుపులో ఆ జిల్లాకు ఆయనే కలెక్టరు. ఒకసారి భార్యను బాసర తీసుకుపోయి, దర్శనం చేసుకుని, చెప్పులు మాత్రం గుర్తుగా వేసుకుని ఒక్కడే ఇంటికి వచ్చాడు. తలుపు తాళం వేసి ఉంటే, ఈమె ఎక్కడ పోయిందని వాడకట్టంతా వినేలా తిట్టాడు. అలాంటి మనిషికి తేదీలు గుర్తుచేసే మెషిన్ వచ్చేసరికి ప్రాణం లేచి వచ్చింది. తన పేరుతో ఇంకో ఫైలు తెరిపించాడు. డైరీ అవతల పారేశాడు. రోజూ పొద్దున పాన్ నములుతూ ప్రమీల బల్ల దగ్గరికి వచ్చి అడిగేవాడు.

"ప్రమీలా, ఇయ్యాల ఏమున్నది?"

ఆమె చదివేది. మీటింగ్ అంటే మీటింగుకు పోయేవాడు. బీపీ గోలీ అంటే గోలీ మింగేవాడు. తెర మీద లేని పని లోకంలోనే లేదని ఆయన నమ్మకం.

మొదటి ఏడు ఒక పొరపాటు జరిగింది. జనవరి ఐదున నిజామాబాదులో మీటింగ్ ఉంటే ప్రమీల 5/1 అని కొట్టింది. మన దగ్గర ఎవరైనా అలాగే రాస్తారు. ఐదో తారీకు వచ్చింది, పోయింది, తెర మీద ఏమీ రాలేదు. లక్ష్మీరాజం ఫ్యాక్టరీ పెద్ద సారుతో మాటలు పడ్డాడు. తిరిగి వచ్చి ఆఫీసంతా వినేలా అరిచాడు.

"రాస్తే ఏది? యాడ పోయింది? ఎడ్లు కాసేటోళ్ల పిల్లలకు మెషిన్లు ఇస్తె గిట్లనే ఉంటది!"

ఎడ్లు. ఆ మాట ఆమె గుండెలో మేకులా దిగింది. ఏప్రిల్ ముప్పైన, ఎండ మండిపోతుండగా, ఆ జనవరి మీటింగు తీరిగ్గా తెర మీదికి వచ్చింది. అప్పుడు అర్థమైంది ప్రమీలకు. ఆ మెషిన్ ఏ దేశంలో పుట్టిందో గాని, నెల ముందు చదువుతుంది, తేదీ తర్వాత. 5/1 అంటే దానికి మే నెల ఒకటో తారీకు. ఆ రోజు నుంచి ఆమె నెల పేరు అక్షరాల్లోనే కొట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు. తెలిసిన సంగతిని కొంగున ముడేసుకుని కూర్చుంది.

ఆ ముడి విప్పే రోజు 1995 జనవరిలో వచ్చింది.

లక్ష్మీరాజానికి మాక్లూర్ దగ్గర నాలుగెకరాల చెరుకు ఉంది. ఉన్నది తనదే, పేరు మాత్రం బామ్మర్దిది. వరుస ప్రకారం దాని కోత మార్చి ఆఖరున రావాలి. ఆయన ఫిబ్రవరి మూడుకు చిట్టి తయారు చేసి, ఎవరి కంటా పడకుండా అడుగు డ్రాయర్లో పెట్టాడు. మూడో తారీకు పొద్దున తీసి నేరుగా కోత ముఠా చేతికి ఇవ్వాలని ఎత్తు. ముందే బయటపెడితే, వరుసలో ముందున్న రైతులు పీక మీద కూర్చుంటారు. మరి ఆ పొద్దున గుర్తుండాలి కదా. అందుకని ప్రమీల బల్ల దగ్గరికి వచ్చాడు.

"నా ఫైలు తెరువు. నేనే కొడ్త."

"చెప్పుండ్రి సార్, నేను రాస్త."

"అద్దు. అటు తిరుగు నువ్వు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. వెనక రెండు వేళ్లు ఒక్కొక్క అక్షరాన్ని వెతికి వెతికి పొడుస్తున్న చప్పుడు. సాయంత్రం ఇంకేదో పని రాయడానికి ఆ ఫైలు తెరిస్తే, చివరి వరుసలో కనిపించింది: '3/2 మాక్లూర్ తోట కోత.'

ప్రమీల తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత ఏమీ ముట్టుకోకుండా ఫైలు మూసింది.

ఫిబ్రవరి మూడు.

"ప్రమీలా, ఇయ్యాల ఏమున్నది?"

"కాటా రిపేరుకు మనిషి వస్తడు సార్."

"గంతేనా?"

"తెర మీద గంతే ఉన్నది సార్."

అబద్ధం ఒక్క అక్షరం లేదు. కిటికీ బయట ముఠా మేస్త్రీ తుకారాం నిలబడి ఉన్నాడు. నాందేడ్ దిక్కు మనిషి, వెనక ఇరవై కొడవళ్లు. ఫిబ్రవరి మూడు నుంచి మాక్లూర్ దిక్కు ముఠా కావాలని లక్ష్మీరాజమే కబురు పెట్టి, ఆ సంగతి కూడా మరచిపోయాడు.

"చిట్టీ ఆలీ కా, బాయి? వచ్చిందా చిట్టి? పని లేక మావోళ్లు గుడిసెలల్ల పేకాట ఆడుతుండ్రు."

"రేపు రాండ్రి తుకారాం అన్నా."

నాలుగున కూడా అంతే. ఐదో తారీకు ఆదివారమైనా, చెరుకు సీజన్ గనక ఆఫీసు నడిచింది. మధ్యాహ్నం లక్ష్మీరాజం జర్దా డబ్బీ కోసం అడుగు డ్రాయర్ లాగాడు. డబ్బీతో పాటు చిట్టి కూడా చేతికి తగిలింది. మడత విప్పకుండా అటూ ఇటూ తిప్పాడు. టైపు మిషన్ మీద ప్రమీల వేళ్లు ఆగిపోయాయి.

"ఇదేందో పెట్టుకున్న... ఏందబ్బ ఇది?" కాసేపు నుదురు గోక్కున్నాడు. "సరే తియ్. టైమ్ వస్తె మెషినే చెప్తది."

డ్రాయర్ మూశాడు. పన్నెండేళ్ల కింద తండ్రి చిట్టి మీద మూసుకున్న చప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటుందనుకుంది ప్రమీల. ఈసారి లోపల వేరే చిట్టి ఉంది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ తండ్రితో అంతా చెప్పింది. ముత్తన్న ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు.

"ఏ డ్రాయర్ల ఉన్నది బిడ్డా?"

"గా డ్రాయర్లనే బాపు. అడుగుది."

"ఇయ్యాల్టితోని మూడు దినాలు అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే."

ఆయన ముద్ద తిన్నాడు. "ఇంకింత అన్నం పెట్టు" అన్నాడు. రెండోసారి అన్నం అడగడం పన్నెండేళ్లలో అదే మొదటిసారి. నవ్వు మాత్రం రాలేదు.

ఆరున తుకారాం ముఠా ఖాళీగా ఉందని, వరుసలో తర్వాతి పేరు భీమవ్వదని ప్రమీల చిట్టి టైపు చేసి పెట్టింది. భీమవ్వ మాక్లూర్‌లోనే ఉండే ముసలామె, మగదిక్కు లేదు. అసలు ఫిబ్రవరి మొదట్లో రావలసిన కోత ఆమెదే. లక్ష్మీరాజం ఫోన్లో మాట్లాడుతూనే ఆ చిట్టి మీద సంతకం పెట్టాడు. ఆయన తోట పక్క తోటలోనే కొడవళ్లు పడ్డాయి. ఆయన తోట తలలూపుతూ చూసింది.

మార్చి ఒకటి, బుధవారం.

"ప్రమీలా, ఇయ్యాల ఏమున్నది?"

"రేపటిది ఒకటి ఉన్నది సార్." గొంతులో ఏ వంకరా లేకుండా చదివింది. "మూడు బై రెండు. మాక్లూర్ తోట కోత."

పాన్ నమలడం ఆగింది. ఆయన వంగి తెర మీద ముక్కు పెట్టాడు.

"ఇది... ఇది పోయిన నెలది కద! మూడో తారీకుది!"

"మెషిన్ నెల ముందు సదువుతది సార్. తారీకు ఎనుక. మీరు తారీకు ముందు కొట్టినట్టున్నరు."

"నీకు తెల్వదా? నువ్వు సూడలేదా?"

"అటు తిరగమంటిరి కద సార్. తిరిగిన."

లక్ష్మీరాజం డ్రాయర్ లాగాడు. చిట్టి పైనే ఉంది, జర్దా మరక పడి. దాన్ని పట్టుకుని మళ్లీ ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"తేదీ మార్చేసి ఇంకోటి కొట్టు. ఎవ్వలకు తెల్వది."

ప్రమీల గోడ వైపు చూపించింది. అక్కడ ఆయన సంతకంతోనే అతికించిన నోటీసు ఉంది. మూడు రోజులు దాటిన చిట్టి చెల్లదు, రైతు వరుస చివరికి పోవలెను.

"మీ బామ్మర్దిని రమ్మనుండ్రి సార్. చివర్ల రాసుకుంట. ఎవ్వల తోటనో పెద్ద సారు అడిగితె ఏం చెప్పాల్నో గది గూడ మీరే చెప్పుండ్రి."

ఆయన ముఖం చెరుకు పిప్పిలా అయింది. గట్టిగా అరిస్తే తోట తనదని తానే దండోరా వేసినట్టు. వరుస తప్పించిన సంగతి బయటికి వస్తుంది. చిట్టిని నలిపి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు అడిగాడు, అంతసేపటికి: "నువ్వు ఏ ఊరామెవు?"

"ఎడపల్లి సార్. ముత్తన్న బిడ్డను."

మతిమరుపు మనిషికి ఆ పేరు మాత్రం టక్కున గుర్తొచ్చింది.

ఏప్రిల్‌లో ముత్తన్న భుజాన తువ్వాల వేసుకుని, రెండు బస్సులు మారి మాక్లూర్ పోయాడు. పూత తెల్లగా పూసిన నాలుగెకరాల గట్టు మీద పొద్దంతా కూర్చున్నాడు. ఒక గడ విరిచి నమిలి ఉమ్మాడు. "బెండు పట్టింది" అన్నాడు ఇంటికి వచ్చి. ముఖం తేటపడింది. నవ్వు అంచుదాకా వచ్చి ఆగింది.

అది రావడానికి ఇంకో ఏడాది పట్టింది. 1996 మార్చి ఒకటిన లక్ష్మీరాజం మామూలుగా వచ్చి, మామూలుగా అడిగాడు. ఇవాళ ఏమున్నది అని. ప్రమీల మామూలుగా చదివింది. మూడు బై రెండు, మాక్లూర్ తోట కోత.

"ఇంకా ఉన్నదా అది!"

"రాసింది చెరిపేదాంక పోదు సార్."

"చెరిపెయ్యి మరి!"

ప్రమీల కుర్చీలోంచి లేచింది. కీబోర్డు ఆయన ముందుకు జరిపింది.

"మీరు రాసుకున్నది మీరే చెరుపుకోండ్రి సార్. నేను అటు తిరుగుత."

తిరిగింది. కిటికీ దగ్గర నిలబడి చెరుకు బండ్లను లెక్కపెట్టింది. పదమూడు బండ్లు పోయినా వెనక ఒక్క మీట చప్పుడు లేదు. చెరపడం ఆయనకు రాదు. ఎలా అని ఆమెను అడగడానికి నోరు రాదు.

ఆ సాయంత్రం ఈ సంగతి చెబుతుంటే ముత్తన్న చేతిలోని చాయ్ కప్పు కింద పెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత పదమూడేళ్ల నవ్వు ఒక్కసారిగా బయటపడింది. కోళ్లు గంప కిందికి దూరాయి. బోధన్ బస్టాండులో ఆ సాయంత్రం హైదరాబాదు బస్సు పది నిమిషాలు ముందే బయల్దేరిందంటారు.

లక్ష్మీరాజం ఇంకా ఐదేళ్లు ఉద్యోగం చేశాడు. ప్రతి మార్చి ఒకటిన, రెండున, మెషిన్ ఆయన తోటను కోయమని గుర్తుచేస్తూనే ఉంది. ప్రమీల తన ఫైలులోని జనవరి పదిహేడు వరుసను మాత్రం బాపు నవ్విన మర్నాడే చెరిపేసింది. దానికి ఒక్క మీట నొక్కితే సరిపోయింది.